ఎంజైము తయారైతే చాలదు, లైసోజోముకు చేరాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోంపే, గాషే, హర్లర్ వంటి పేర్లున్న అరుదైన వ్యాధుల బారిన పడిన పసిపిల్లల గురించి పత్రికలలో వార్త వచ్చిన ప్రతిసారీ, వ్యాధి కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముగించడం ఆనవాయితీ అయింది. శరీరంలో ఫలానా ఎంజైము లేదని, దాన్ని బయటి నుంచి ఎక్కించాలని, ఆ మందు చాలా ఖరీదైనదని రాస్తారు. అందులో అబద్ధం లేదు. అయితే జీవరసాయన శాస్త్రం బోధించే నాకు, కథ అక్కడితో ఆగిపోవడం బాధ కలిగిస్తుంది. కొందరు పిల్లల రక్తంలో ఆ ఎంజైములు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి, అయినా వారి కణాలు అవి లేక పాడైపోతాయి. ఇంకొందరిలో ఎంజైము తయారవుతుంది, చేరవలసిన చోటికి చేరుతుంది, అయినా పని చేయదు. ఈ పిల్లల వ్యాధి అర్థం కావాలంటే ఎంజైము ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఈ ఎంజైములు పనిచేసే చోటైన లైసోజోము అనే చిన్న నిర్మాణాన్ని కణం ఎలా సమకూర్చుకుంటుందో, ఆ పనిలో ఏ ఎంజైములు పాలుపంచుకుంటాయో కూడా పాఠకులకు తెలియాలి. ఆ వివరాలను కొంచెం విస్తరించి చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ లైసోజోములు ఉంటాయి. పరిణతి చెందిన ఎర్ర రక్తకణాలు దీనికి మినహాయింపు. ఒక్క పొరతో కప్పి ఉన్న ఈ సూక్ష్మ కోశాల లోపల, ఆమ్లతను తెలిపే కొలత అయిన పీహెచ్ 4.5 నుంచి 5 వరకు ఉంటుంది (ఈ విలువ తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ). వాటి చుట్టూ ఉన్న కణద్రవ్యంలో అది 7.2 ప్రాంతంలో ఉంటుంది. ఆ ఆమ్ల వాతావరణంలో మాత్రమే చక్కగా పనిచేసే ఎంజైములు సుమారు 60 రకాలు లోపల ఉండి ప్రోటీన్లను, కొవ్వులను, చక్కెర గొలుసులను, కేంద్రకామ్లాలను చిన్న చిన్న అణువులుగా విడగొడతాయి. పాతబడిన మైటోకాండ్రియాలు, కణం మింగిన సూక్ష్మక్రిములు, కణపొరల నుంచి వచ్చిన కొవ్వులు అన్నీ అక్కడికే చేరతాయి. విడగొట్టగా వచ్చిన అమైనో ఆమ్లాలు, చక్కెరలు, కొవ్వు ఆమ్లాలు పొరలోని రవాణా ప్రోటీన్ల ద్వారా బయటికి వచ్చి మళ్లీ నిర్మాణానికి ఉపయోగపడతాయి. పాఠ్యపుస్తకాలలో మొదలై వార్తల దాకా వచ్చిన 'కణంలోని చెత్తబుట్ట' అనే పోలిక నాకు సరిపడదు. చెత్తబుట్ట ఎవరో చేసి తెచ్చిపెట్టిన వస్తువు. లైసోజోము అలాంటిది కాదు. దాన్ని కణమే నిరంతరం తయారు చేసుకుంటూ, సరిచేసుకుంటూ ఉండాలి. ఆ తయారీలో ఎక్కడ లోపం జరిగినా పర్యవసానం ఒకేలా కనిపిస్తుంది: విడిపోవలసిన పదార్థం విడిపోక లోపలే పేరుకుపోతుంది.

లైసోజోము ఉనికి బయటపడిన తీరులోనే ఒక పాఠం ఉంది. 1949లో బెల్జియంలోని లువాన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ ద దూవ్ బృందం ఎలుక కాలేయంపై ప్రయోగాలు చేస్తూ, ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును కొలిచింది. కాలేయాన్ని సున్నితంగా నలిపి తాజాగా కొలిచినప్పుడు ఉండవలసిన దానిలో పదోవంతు మాత్రమే కనిపించింది. అదే నమూనాను ఐదు రోజులు శీతలయంత్రంలో ఉంచి మళ్లీ కొలిస్తే, మొదట కనిపించని ఎంజైము అంతా కనిపించింది. ఎంజైము మొదటి నుంచీ అక్కడే ఉంది. ఒక పొర లోపల బందీగా ఉండడం వల్ల పరీక్షకు అందలేదు. పొర పగిలాక అందింది. ఆ పొరలో ఉన్న కోశానికి 1955లో లైసోజోము అని పేరు పెట్టారు. కణ నిర్మాణంపై జరిపిన పరిశోధనలకు గాను 1974లో ద దూవ్‌తో పాటు ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడేలకు నోబెల్ బహుమతి లభించింది. ఎంజైము ఎంత ఉంది అన్న ప్రశ్న కంటే ఎక్కడ ఉంది అన్న ప్రశ్నే ముఖ్యమని ఈ శాస్త్రం పుట్టిననాడే తేలింది. వార్తలలో తప్పిపోతున్నది సరిగ్గా ఆ రెండో ప్రశ్నే.

వ్యాధికీ లైసోజోముకూ సంబంధం ఉందని మొదట నిరూపించినవాడు ద దూవ్ సహచరుడైన ఆన్రి-జేరీ ఎర్స్. 1932లో డచ్ వైద్యుడు యోహానెస్ పోంపే, గుండె విపరీతంగా పెరిగి మరణించిన ఒక శిశువు కండరాలలో, శరీరం చక్కెరను నిల్వ చేసుకునే గ్లైకోజన్ అనే పదార్థం కుప్పలుగా పేరుకుని ఉండటాన్ని వర్ణించాడు. గ్లైకోజన్‌ను విడగొట్టేవని అప్పటికి తెలిసిన ఎంజైములన్నీ ఆ వ్యాధిలో సక్రమంగానే ఉండడంతో కారణం చాలాకాలం అంతుపట్టలేదు. ఆమ్ల వాతావరణంలో మాత్రమే పనిచేసే ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము పోంపే వ్యాధిగ్రస్తులలో లేదని 1963లో ఎర్స్ చూపించాడు. కణద్రవ్యంలోని గ్లైకోజన్‌ను వేరే ఎంజైములు చూసుకుంటున్నాయి, లైసోజోములో చిక్కుకున్న గ్లైకోజన్‌ను విడగొట్టేది మాత్రం లేకుండా పోయింది. ఈ ఒక్క గమనికతో, అప్పటిదాకా వేరువేరుగా కనిపించిన ఎన్నో వ్యాధులు ఒక కుటుంబానికి చెందినవని అర్థమయ్యే దారి ఏర్పడింది. నేడు ఆ కుటుంబంలో సుమారు 70 వ్యాధులున్నాయి. ఒక్కొక్కటీ అరుదైనదే అయినా, అన్నింటినీ కలిపి చూస్తే కొన్ని వేల జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తాయి కనుక మొత్తం కుటుంబాన్ని అరుదని పక్కన పెట్టడానికి వీల్లేదు.

అరవై ఎంజైములలో ఒక్కటి లోపిస్తే మిగిలిన యాభై తొమ్మిదీ ఆ పని ఎందుకు అందుకోలేవని విద్యార్థులు తరచుగా అడుగుతారు. చాలా పెద్ద అణువులను లైసోజోము ఒక చివర నుంచి వరుసగా, ఒక్కో భాగాన్నీ తీసివేస్తూ విడగొడుతుంది. ప్రతి బంధానికీ దానికి తగిన ఎంజైము వేరు. ఉదాహరణకు హెపరాన్ సల్ఫేట్ అనే పొడవైన చక్కెర గొలుసులో చివరి భాగాన్ని తొలగించే ఎంజైము లేకపోతే, ఆ తరువాతి భాగంపై పనిచేయవలసిన ఎంజైము పక్కనే సిద్ధంగా ఉన్నా దానికి తన వంతు రాదు. గొలుసు అక్కడే నిలిచిపోతుంది. హర్లర్, హంటర్, సాన్‌ఫిలిప్పో వ్యాధులు ఈ వరుసలోని వేర్వేరు మెట్ల దగ్గర వచ్చిన అడ్డంకులే. ఏ పదార్థం ఆగిపోతుందో, దాన్ని ఏ కణాలు ఎక్కువగా విడగొట్టవలసి ఉంటుందో, దాన్ని బట్టి వ్యాధి రూపం మారుతుంది. గాషే వ్యాధిలో పాత రక్తకణాలను మింగే మాక్రోఫేజులు గ్లూకోసెరెబ్రోసైడ్ అనే కొవ్వుతో ఉబ్బిపోవడం వల్ల ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ దెబ్బతింటాయి. టే-సాక్స్ వ్యాధిలో జీఎం2 గాంగ్లియోసైడ్ అనే కొవ్వు పేరుకునేది నాడీకణాలలో. అందువల్ల పుట్టినప్పుడు ఆరోగ్యంగా కనిపించిన బిడ్డ కొన్ని నెలలకే నేర్చుకున్న కదలికలను ఒక్కొక్కటిగా కోల్పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. లైసోజోములో పనిచేయవలసిన ఎంజైము లైసోజోములో పుట్టదు. అది కణంలో ప్రోటీన్లు తయారయ్యే అంతర్జీవద్రవ్య జాలకం మీద తయారై, అక్కడే సరైన ఆకృతిలోకి ముడుచుకుని, చక్కెర గొలుసులు తగిలించుకుని, ప్రోటీన్లను వేరు చేసి పంపే గాల్జీ సంక్లిష్టానికి వస్తుంది. కణం బయటికి పంపే ప్రోటీన్లు కూడా అదే దారిలో వస్తాయి. ఈ రెండింటినీ వేరు చేయకపోతే విధ్వంసక శక్తి ఉన్న ఎంజైములు కూడా మిగిలిన వాటితో కలిసి కణం బయటికి పోతాయి. వేరు చేసే బాధ్యత మళ్లీ రెండు ఎంజైములదే. మొదటిది ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్. లైసోజోముకు వెళ్లవలసిన ప్రోటీను ఉపరితలం మీది ఆకృతిని బట్టి అది దాన్ని గుర్తుపట్టి, దాని చక్కెర గొలుసులోని మానోజ్‌కు ఆరో కర్బన పరమాణువు దగ్గర ఫాస్ఫేట్‌ను జోడిస్తుంది. ఆ ఫాస్ఫేట్ మీద ఇంకొక చక్కెర అణువు కప్పుగా ఉంటుంది. రెండో ఎంజైము ఆ కప్పును తొలగిస్తుంది. అప్పుడు బయటపడిన మానోజ్-6-ఫాస్ఫేటే ఆ ప్రోటీను ఎక్కడికి చేరాలో తెలిపే గుర్తు. గాల్జీ పొరలోని గ్రాహకాలు అనే ప్రోటీన్లు ఆ గుర్తును పట్టుకుని ఎంజైమును చిన్న కోశాలలో, లైసోజోముకు ముందు మజిలీ అయిన ఎండోసోముకు చేరవేస్తాయి. అక్కడ ఆమ్లత పెరగడంతో పట్టు సడలి ఎంజైము విడుదలవుతుంది, గ్రాహకం మరో విడత కోసం గాల్జీకి తిరిగి వెళుతుంది. ప్రోటీన్లను విడగొట్టే కాథెప్సిన్ల వంటి ఎన్నో ఎంజైములు ఈ ప్రయాణమంతా నిద్రాణ స్థితిలోనే ఉంటాయి. ఆమ్ల వాతావరణం చేరాక తమను కప్పి ఉన్న ఒక ముక్క తెగిపోయిన తరువాతనే చురుకుదనం పొందుతాయి. దారిలో కణాన్నే విడగొట్టకుండా ఉండేందుకు ఉన్న ఈ ఏర్పాటును ఎన్ని సంవత్సరాలు బోధించినా నాకు అబ్బురంగానే ఉంటుంది.

ఈ గుర్తు పెట్టే మొదటి ఎంజైము లేకపోతే ఏమవుతుందో ఐ-సెల్ వ్యాధి చూపుతుంది. ఈ వ్యాధి ఉన్న శిశువులలో లైసోజోము ఎంజైముల జన్యువులన్నీ బాగానే ఉంటాయి. ఎంజైములన్నీ తయారవుతాయి. కాని వేటి మీదా మానోజ్-6-ఫాస్ఫేట్ ఉండదు కనుక గ్రాహకాలు వాటిని పట్టుకోలేవు, అవి కణం బయటికి పోయి రక్తంలో చేరతాయి. చర్మం నుంచి తీసి పెంచిన కణాలలో కొలిస్తే ఎంజైములు దాదాపు శూన్యం. రక్తరసంలో కొలిస్తే మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తంలో ఎంజైము ఉంది కాబట్టి ఆ బిడ్డకు లైసోజోము వ్యాధి లేదని ఎవరైనా తేల్చేస్తే ఎంత పెద్ద పొరపాటో ఆలోచించండి. ఒక్క ఎంజైము లోపంతో అన్నీ లోపించినట్లయి, కణాల నిండా విడిపోని పదార్థపు ముద్దలు కనిపిస్తాయి. ఐ-సెల్ అన్న పేరు ఆ ముద్దలను (ఇంగ్లిషులో ఇన్‌క్లూజన్లు) బట్టి వచ్చినదే. ఎముకలు వంకరలు తిరిగి, ఎదుగుదల కుంటుపడి, ఈ పిల్లల్లో చాలామంది బాల్యం దాటరు. ఇంత తీవ్రమైన వ్యాధిలోనూ గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైము మాత్రం లైసోజోముకు సక్రమంగా చేరుతుంది. దానికి మానోజ్-6-ఫాస్ఫేట్‌తో నిమిత్తం లేదు, లింప్-2 అనే వేరొక ప్రోటీను దాన్ని వెంట తీసుకుపోతుంది. కణానికి ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయని దీనివల్ల తెలిసింది.

ఈ గుర్తును కనుగొన్న చరిత్ర చికిత్సకు కూడా పునాది వేసింది కనుక రెండు మాటలు చెప్పాలి. 1968లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో ఎలిజబెత్ న్యూఫెల్డ్, జోసెఫ్ ఫ్రాటన్టోనీ, క్లారా హాల్ కలిసి, హర్లర్ రోగి కణాలనూ హంటర్ రోగి కణాలనూ ఒకే పాత్రలో పెంచారు. విడివిడిగా పెంచినప్పుడు రెండింటిలోనూ చక్కెర గొలుసులు పేరుకుపోయేవి. కలిపి పెంచినప్పుడు రెండూ బాగుపడ్డాయి. ఒకదానిలో లేని ఎంజైమును మరొకటి కొద్దిగా బయటికి విడుదల చేస్తే, మొదటిది దాన్ని లోపలికి తీసుకుని లైసోజోముకు చేర్చుకుంది. 1972లో హిక్‌మన్, న్యూఫెల్డ్ ఐ-సెల్ కణాలపై చేసిన ప్రయోగం ఇంకా లోతైనది. ఐ-సెల్ కణాలు మామూలు కణాలు విడిచిన ఎంజైమును తీసుకోగలిగాయి. ఐ-సెల్ కణాలు విడిచిన ఎంజైమును మాత్రం ఏ కణమూ అంతగా తీసుకోలేదు. అంటే లోపం తీసుకునే కణంలో లేదు, ఎంజైము మీద ఉండవలసిన ఒక గుర్తులో ఉంది. ఆ గుర్తు మానోజ్-6-ఫాస్ఫేట్ అని 1977లో విలియమ్ స్లై బృందం పరిశోధనలతో తేలింది. మానోజ్-6-ఫాస్ఫేట్ గ్రాహకాలలో ఒకటి కణం వెలుపలి పొర మీద కూడా ఉండటం వల్లనే బయటి ఎంజైమును కణం లోపలికి తీసుకోగలుగుతోంది. నేడు రక్తనాళం ద్వారా ఎక్కించే ఎంజైము మందులలో అధిక భాగం ఆధారపడేది ఈ గ్రాహకం మీదనే.

గమ్యం చేరిన ఎంజైము కూడా పనికి సిద్ధమైనదని అనుకోవడానికి లేదు. మన జన్యువులలో సల్ఫటేజులు అనే ఎంజైములు 17 ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ చురుకైన స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆ సిస్టీన్‌ను ఫార్మైల్‌గ్లైసీన్‌గా మార్చితే తప్ప సల్ఫటేజ్ పనిచేయదు. మార్చే పని సమ్ఫ్-1 అనే జన్యువు నుంచి వచ్చే ఒకే ఒక ఎంజైముది. ఆ ఒక్కటి లోపిస్తే పదిహేడు సల్ఫటేజులూ తయారై కూడా నిష్ఫలమవుతాయి. బహుళ సల్ఫటేజ్ లోపం అనే ఈ వ్యాధిలో, నాడుల చుట్టూ ఉన్న తొడుగు దెబ్బతినే మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రోఫీ లక్షణాలు, హంటర్ తరహా ఎముకల మార్పులు, చేప పొలుసుల్లా ఎండిపోయిన చర్మం ఒకే బిడ్డలో కలిసి కనిపిస్తాయి. ఇలా మూడు నాలుగు వ్యాధులు ఒకేసారి వచ్చినట్లున్న బిడ్డను చూసి తికమకపడే కుటుంబానికి, మూలం ఒక్కటేనని చెప్పగలగడం చిన్న ఊరట కాదు. 2003లో ఆ జన్యువును గుర్తించినప్పటి నుంచి అలా చెప్పే వీలు కలిగింది.

మరికొన్ని ఎంజైములకు తోడు కావాలి. బీటా గాలాక్టోసిడేజ్, న్యూరామినిడేజ్ అనేవి కాథెప్సిన్-ఏ అనే ప్రోటీనుతో కలిసి ఉంటేనే లైసోజోములో నిలబడతాయి. ఆ తోడు లేకపోతే రెండూ దెబ్బతిని గాలాక్టోసియాలిడోసిస్ అనే వ్యాధి వస్తుంది. కొవ్వులను విడగొట్టే ఎంజైములకు సాపోసిన్లు అనే చిన్న ప్రోటీన్ల సాయం అవసరం.

లైసోజోము పొర గురించి, లోపలి ఆమ్లత గురించి కూడా చెప్పాలి. ఆమ్లతను కలిగించే ప్రోటాన్లను లోపలికి తోడే వీ-ఏటీపేజ్ కూడా, కణంలోని శక్తి అణువైన ఏటీపీని విడగొట్టి శక్తి పొందే ఎంజైమే. అది మందగిస్తే అరవై ఎంజైములకూ తగిన వాతావరణం లేకుండా పోతుంది. లోపల కొవ్వులను విడగొట్టడానికి బీఎంపీ అనే ప్రత్యేకమైన ఫాస్ఫోలిపిడ్ కావాలి. అది ఎండోసోములు, లైసోజోముల లోపలి చిన్న కోశాల మీద ఉండి, తన ఋణావేశంతో ఎంజైములను, సాపోసిన్లను కొవ్వు పక్కకు చేరుస్తుంది. ఆ బీఎంపీని ఎవరు తయారు చేస్తున్నారో దశాబ్దాల పాటు తెలియలేదు. సీఎల్ఎన్5 అనే ప్రోటీను ఆ పని చేస్తుందని 2023లో ప్రకటించారు. పీఎల్డీ3, పీఎల్డీ4 అనే మరో రెండు ఎంజైములకు కూడా ఆ తయారీలో పాత్ర ఉందని 2024లో తెలిసింది. సీఎల్ఎన్5 జన్యువులో లోపముంటే పిల్లలకు చూపు పోవడం, మూర్ఛలు, నేర్చుకున్నది మరచిపోవడం మొదలవుతాయి. అది బాటెన్ వ్యాధి అనే గుంపులో ఒక రూపం. ఆ జన్యువును 1998లోనే గుర్తించినా, దాని ప్రోటీను చేసే పని ఏమిటో తెలియడానికి పాతికేళ్లు పట్టింది. పేరుకున్న పదార్థాన్ని విడగొట్టే ఎంజైము లోపమేనని వెతుకుతూ పోతే ఈ వ్యాధి కారణం ఎప్పటికీ దొరికేది కాదు. ఇక్కడ లోపించినది లైసోజోమును సక్రమంగా నిర్మించే ఎంజైము.

కణం తనకు ఎన్ని లైసోజోములు కావాలో కూడా లెక్క చూసుకుంటుంది. టీఎఫ్ఈబీ అనే ప్రోటీను లైసోజోము ఎంజైముల జన్యువులను ఒకేసారి మేల్కొలుపుతుందని 2009లో ఇటలీలోని నేపుల్స్‌లో ఆండ్రియా బలాబియో బృందం చూపించింది. పోషకాలు తగ్గినప్పుడు అది కేంద్రకంలోకి ప్రవేశిస్తుంది. దీన్ని చికిత్సకు వాడుకోవచ్చన్న ఆశ ఉన్నది గాని, అది ఇంకా ప్రయోగశాలలు దాటి ఎక్కువ దూరం రాలేదు. శీర్షికలు పెట్టేవారు ఈ తేడాను పాటించాలని నా మనవి.

చికిత్సల విషయంలోనూ 'లేనిది ఎక్కిస్తే సరి' అన్నంత తేలికగా ఏదీ జరగలేదు. గాషే వ్యాధికి కారణమైన ఎంజైము లోపాన్ని 1965లో అమెరికా శాస్త్రవేత్త రాస్కో బ్రేడీ గుర్తించారు. మానవ మాయ (ప్లాసెంటా) నుంచి శుద్ధి చేసిన ఎంజైమును ఇచ్చి చూస్తే, అది చేరవలసిన మాక్రోఫేజులకు కాక ఎక్కువగా ఇతర కాలేయ కణాలకు పోయింది. మాక్రోఫేజుల మీద మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలున్నాయి. అందుకని ఎంజైము మీది చక్కెర గొలుసుల చివరలను మూడు ఎంజైములతో ఒకదాని తరువాత ఒకటిగా కత్తిరించి, లోపలి మానోజ్‌ను బయటపెట్టారు. అప్పుడు మందు సరైన చోటికి చేరింది. 1991లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. వ్యాధి కారణం కనుగొనడానికీ మందు రావడానికీ మధ్య గడిచిన పాతికేళ్లకు పైబడిన కాలంలో ఎక్కువ భాగం, ఎంజైమును సంపాదించడానికి, దాన్ని తగిన కణానికి చేర్చడానికి పట్టింది. పోంపే వ్యాధికి ఎంజైము మందు 2006లో వచ్చింది. ఉబ్బిన ప్లీహం తగ్గడం, పోంపే శిశువుల గుండె పరిమాణం మామూలు స్థితికి దగ్గరగా రావడం వైద్యంలో సామాన్య విజయాలు కావు.

అయితే రక్తంలోకి ఎక్కించిన ఎంజైము, మెదడుకూ రక్తానికీ మధ్య ఉన్న అవరోధాన్ని సాధారణంగా దాటలేదు. అందుకే హర్లర్ వ్యాధి తీవ్ర రూపంలో ఉన్న పసిపిల్లలకు ఎముక మజ్జ మార్పిడిని సూచిస్తారు. దాత కణాల నుంచి పుట్టిన కొన్ని కణాలు మెదడులో స్థిరపడి ఎంజైమును విడుదల చేస్తే, పక్కనున్న నాడీకణాలు దాన్ని తీసుకుంటాయి. 1968 నాటి ఆ పాత్రలో జరిగిందే ఇక్కడ శరీరంలో జరుగుతుంది. సీఎల్ఎన్2 అనే బాటెన్ రూపానికి ఎంజైమును నేరుగా మెదడు కుహరంలోకి పంపే పద్ధతికి 2017లో అనుమతి వచ్చింది. కొన్ని వ్యాధులలో ఎంజైము తయారై కూడా సరిగా ముడుచుకోలేక మొదటి మజిలీలోనే నశిస్తుంది. అలాంటి చోట దానికి ఆసరాగా నిలిచే చిన్న అణువును మాత్రగా ఇవ్వవచ్చు. ఫాబ్రీ వ్యాధిలో కొన్ని ఉత్పరివర్తనాలకు (జన్యువులో వచ్చే మార్పులకు) ఇలాంటి మందు వాడుతున్నారు, అన్నింటికీ అది పనిచేయదు. పేరుకునే పదార్థం తయారీనే తగ్గించే మందులు గాషే వ్యాధికి ఉన్నాయి. ఒక బిడ్డకు వీటిలో ఏది పనికివస్తుందన్నది, ఎంజైము పుట్టుక నుంచి గమ్యం దాకా ఏ మజిలీలో లోపం జరిగిందో తెలిస్తేనే తేలుతుంది. వ్యాధి పేరు ఒక్కటే చాలకపోవడానికి కారణం ఇదే.

మామూలు ఎంజైము చురుకుదనంలో పదోవంతు ఉన్నా చాలా వ్యాధులలో కణం నెట్టుకురాగలదు. ఈ మాట ఆశాజనకమైనది. చికిత్స ద్వారా కొద్దిపాటి ఎంజైమును లైసోజోముకు చేర్చగలిగినా ప్రయోజనం ఉంటుందని దాని అర్థం. కాని అప్పటికే నశించిన నాడీకణాలను, వంగిపోయిన ఎముకలను ఎంజైము తిరిగి తెచ్చివ్వదు. కనుక ఆలస్యం కాకుండా గుర్తించడమే కీలకం. మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కతో నవజాత శిశువులలో ఈ వ్యాధులలో కొన్నింటిని పట్టుకోవచ్చు. దానిలో అనుమానం వచ్చినప్పుడు తెల్లరక్తకణాలలో ఎంజైమును కొలిచి, జన్యు పరీక్షతో నిర్ధారించుకోవాలి. పరీక్షలో ఎంజైము తక్కువగా కనిపించినా జీవితాంతం ఆరోగ్యంగా ఉండే వారూ ఉన్నారు కనుక, మొదటి ఫలితం చూసి కుటుంబాన్ని భయపెట్టడం కూడా తగదు.

తల్లిదండ్రులకు సంబంధించి ఒక విషయాన్ని పత్రికలు స్పష్టంగా రాయాలి. ఈ వ్యాధులలో అధిక భాగం అంతర్గత లక్షణాలుగా, అంటే రెండు జన్యు ప్రతులూ లోపించినప్పుడు మాత్రమే బయటపడే విధంగా సంక్రమిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న తల్లి, తండ్రి ఇద్దరూ ఒక్కో లోపభూయిష్ట జన్యు ప్రతిని మోస్తున్నప్పుడు ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గరి బంధువుల మధ్య వివాహాలలో ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. హంటర్, ఫాబ్రీ వంటివి మాత్రం ఎక్స్ క్రోమోజోము మీది జన్యువుల వల్ల వస్తాయి. గర్భిణి తిన్న తిండి గాని, చేసిన పని గాని, పడిన దిగులు గాని వీటికి కారణం కాదు. బిడ్డ జబ్బుతో ఇప్పటికే కుంగిపోయిన తల్లిపై ఆ నింద కూడా పడకుండా ఆపగల శక్తి పత్రికలో వచ్చే ఒక్క వాక్యానికి ఉంది. అలాగే అజీర్తికి వాడే ఎంజైము మాత్రలు ఈ వ్యాధులకు పనికిరావని కూడా రాయాలి. మింగిన ఎంజైము జీర్ణాశయంలో మిగతా ప్రోటీన్లలాగే జీర్ణమైపోతుంది, కణంలోని లైసోజోము దాకా వెళ్లే దారి దానికి లేదు. ఎంజైము లోపం అన్న మాట ఒక్కటే విన్నవారు ఆ మాత్రల వెంట పడటం సహజం, తప్పు వారిది కాదు.

కాబట్టి ఇకపై ఇటువంటి బిడ్డ గురించి వార్త ప్రచురించేటప్పుడు, సహాయ నిధి వివరాలతో పాటు నాలుగు విషయాలు చేర్చవలసిందిగా కోరుతున్నాను. లోపం ఎంజైములోనే ఉందా, దానికి గుర్తు పెట్టే లేదా దాన్ని సిద్ధం చేసే మరో ఎంజైములో ఉందా అన్నది మొదటిది. ఏ పరీక్షతో, ఏ కణాలలో కొలిచి నిర్ధారించారన్నది రెండోది. ఎక్కించే మందు మెదడుకు చేరుతుందా లేదా అన్నది మూడోది. తరువాతి గర్భానికి ముందు తల్లిదండ్రులు జన్యు సలహా పొందవచ్చన్నది నాలుగోది. వైద్యులను అడిగితే ఈ వివరాలు చెబుతారు. అచ్చులో అవి నాలుగైదు పంక్తులకు మించవు.

ఇట్లు,
ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు